అడవి ప్రాణుల ఆసుపత్రికి దక్కిన గౌరవం



పశువుల ఆసుపత్రి అంటే మనకు కొత్త కాదు. ఎద్దు కుంటినా, గేదె మేత మానినా తోలుకొని పోయేది అక్కడికే. కాని గద్దకు, గుడ్లగూబకు, తాబేలుకు, జింకపిల్లకు వైద్యం చేసే ఆసుపత్రి ఒకటి ఉన్నదంటే మనలో కొందరు నవ్వుతారు. "మా దూడకు వేళకు మందు దొరకడమే గగనంగా ఉంటే, గద్దకు ఆసుపత్రి ఏమిటయ్యా?" అని అడిగేవారూ ఉంటారు. అది అడగవలసిన ప్రశ్నే. అటువంటి ఆసుపత్రి ఒకటి ఎట్లా పుట్టింది, దానికి దేశమంతటా పేరు ఎందుకు వచ్చింది, దాని వల్ల రైతుకు ఒరిగేదేమిటి అన్న సంగతులు ఈ పూట ముచ్చటించుకుందాం.

అమెరికా దేశానికి తూర్పు వైపున వర్జీనియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ కొండల వరుసల నడుమ షెనండోవా లోయ అని మంచి వ్యవసాయపు సీమ. మొక్కజొన్న, సోయాచిక్కుడు, పశుగ్రాసం పండిస్తారు. పాడి, కోళ్ల పెంపకం బాగా ఉన్నాయి. మనబోటి సేద్యగాళ్లు బతికే చోటే అన్నమాట. ఆ లోయ అంచున వేన్స్‌బరో అనే ఊళ్లో వర్జీనియా వన్యప్రాణి కేంద్రం ఉంది. 1982లో ఎడ్వర్డ్ క్లార్క్ అనే పెద్దమనిషి, మరి కొందరు కలసి దీనిని స్థాపించారు. లాభాపేక్ష లేని సంస్థ ఇది. చిన్నపాటి వసతితో మొదలై, నేడు ఏటా మూడు వేలకు పైగా ప్రాణులకు వైద్యం చేసే స్థితికి వచ్చింది.

ఇక్కడికి వచ్చే రోగులకు యజమాని ఉండడు. గేదెకు జబ్బు చేస్తే మనం ఖర్చు భరిస్తాం. ఎందుకంటే అది పాలిస్తుంది. రోడ్డు పక్కన రెక్క విరిగి పడిన గుడ్లగూబకు ఎవరు భరిస్తారు? అందుకే ఈ ఆసుపత్రి ముఖ్యంగా దాతల విరాళాల మీద నడుస్తుంది. దారిన పోయే మనిషో, పొలంలో పనిచేసే రైతో, బడికి వెళ్లే పిల్లవాడో గాయపడిన ప్రాణిని అట్టపెట్టెలో పెట్టి తెచ్చి అప్పగిస్తారు. కారు తగిలినవి, పిల్లి పట్టినవి, అద్దాల కిటికీకి గుద్దుకున్నవి, చేపల గాలపు దారంలో చిక్కుకున్నవి, గడ్డి కోసేటప్పుడు గూడు చెదిరి దిక్కులేనివైన పిల్లలు, ఇట్లా వస్తాయి. మొత్తం మీద చూస్తే, మనిషి చేసిన పని వల్లనే దెబ్బ తిన్నవి ఎక్కువ.

ఇక వైద్యం సంగతి. మన పశువైద్యానికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఎద్దు కాలు కాస్త కుంటుతున్నా బండి లాగగలదు, కాకుంటే చావిట్లో కూర్చుని మేత తింటుంది. గద్దకు ఆ వీలు లేదు. రెక్క అతికినా బిర్రుగా ఉండిపోతే వేట సాగదు. వేట లేకపోతే ఆకలితో చస్తుంది. కనుక గాయం మానడంతో ఇక్కడ వైద్యం పూర్తి కాదు. ముందు ఎముక అతికిస్తారు. తరువాత చిన్న పంజరంలోంచి పెద్ద పంజరంలోకి, అక్కడి నుంచి పొడుగాటి దడి వంటి ఎగురుడు సాలలోకి మారుస్తారు. రోజూ ఈ కొస నుంచి ఆ కొసకు ఎగిరిస్తారు. ఎన్ని సార్లు ఎగిరింది, ఎంతలో రొప్పింది, రెండు రెక్కలూ సమంగా కొడుతున్నదా అని రాసి పెడతారు. తన తిండి తాను వేటాడి తెచ్చుకోగలదని నమ్మకం కుదిరితేనే వదిలిపెడతారు. ఎడ్లకు కొత్తగా కాడి మరిపినట్టే, ఓపికతో చేయవలసిన పని.

వదిలే చోటు విషయంలో కూడా పట్టింపు ఉంది. నేల మీద తిరిగే ఒక జాతి తాబేళ్లు ఆ ప్రాంతంలో కలవు. అవి పుట్టిన చుట్టుపక్కలే జీవితమంతా గడుపుతాయి. వేరే చోట వదిలితే సొంత తావు వెదుక్కుంటూ రోడ్లు దాటి చస్తాయి. అందుకని తాబేలును తెచ్చిన మనిషిని "ఎక్కడ దొరికింది? ఏ రోడ్డు? ఏ మలుపు?" అని గుచ్చి గుచ్చి అడిగి రాసుకుంటారు. పెంకు పగిలిన తాబేలుకు నెలల తరబడి వైద్యం చేసి, తిరిగి ఆ చోటి దగ్గరే దింపి వస్తారు.

చంటి పిల్లల విషయంలో మరొక జాగ్రత్త. పక్షిపిల్ల మనిషి చేతి ముద్దకు మరిగిందంటే అది తన జాతిని మరచిపోతుంది. మనిషిని చూసి భయపడదు. భయం లేని అడవి ప్రాణి ఎక్కువ కాలం బతకదు. అందుచేత ముద్దు చేయరు, మాట్లాడించరు. ముఖం కనబడకుండా మేత పెడతారు. ఎంత చేసినా తిరిగి అడవికి పోలేనివి కొన్ని మిగులుతాయి. వాటిలో స్వభావం అనుకూలించిన కొన్నిటిని బడిపిల్లలకు చూపించి పాఠం చెప్పడానికి ఉంచుకుంటారు. బాధ తీరదని తేలినవాటిని బాధ లేకుండా కడతేరుస్తారు. వినడానికి కటువుగా ఉన్నా, నరకయాతన పెట్టి బతికించడం కంటె అది దయ అని వారి అభిప్రాయం.

ఇప్పుడు ఈ సంస్థలో అసలైన విశేషం చెబుతాను. ఇది వైద్యశాలే గాక పాఠశాల కూడా. పశువైద్య విద్యార్థులు, ఇతర దేశాల నుంచి వచ్చిన వైద్యులు ఇక్కడ కొన్ని వారాలో, నెలలో ఉండి పని నేర్చుకొని పోతారు. పశువైద్య కళాశాలలో ఆవు, గుర్రం, కుక్క గురించి నేర్పినంతగా గద్ద గురించి నేర్పరు గదా! ఇంటి దగ్గర అనుమతితో అనాథ పిల్లలను సాకే స్వచ్ఛంద పోషకులకు కూడా ఇక్కడ శిక్షణ ఉంది. మామూలు జనానికి ఫోనులో సలహా చెబుతారు. అందులో వారు తరచు చెప్పవలసి వచ్చే సలహా ఏమిటో తెలుసా? "దాన్ని అక్కడే వదిలేయండి" అన్నదే! గడ్డిలో ఒంటరిగా పడుకున్న జింకపిల్ల అనాథ కాదు. తల్లి మేతకు పోతూ దాన్ని అక్కడ దాచి పోతుంది. జాలిపడి ఇంటికి తెచ్చిన మనిషి తల్లినీ బిడ్డనూ విడదీసినవాడవుతాడు. వైద్యం ఎక్కడ అవసరమో నేర్పడం ఒక ఎత్తు, ఎక్కడ అక్కరలేదో నేర్పడం మరొక ఎత్తు.

సరే, ఇంతవరకు చెప్పినది జాలి గుండెల కథలాగే ఉంది. రైతుకు దీనితో పని ఏమిటి? ఇక వినండి.

అమెరికా వారికి తెల్లతల గద్ద అంటే మహా గౌరవం. 1782 నుంచీ అది వారి రాజముద్రలో ఉంది. అట్లాంటి పక్షి ఒకప్పుడు అంతరించిపోయే దశకు వచ్చింది. డి.డి.టి. మందు నీటిలో చేరి, చేపల్లోకి పోయి, చేపలు తిన్న గద్దలో పేరుకుంది. దానితో గుడ్డు పెంకు పలచబడి, తల్లి పొదిగేటప్పుడే చితికిపోయేది. 1963లో లెక్క తీస్తే, అలాస్కా, హవాయి మినహా దేశం మొత్తం మీద 417 జంటలు మాత్రమే తేలాయి. 1972లో అక్కడ డి.డి.టి. వాడకం నిషేధించారు. పక్షి మెల్లగా కోలుకోసాగింది.

అది కోలుకుంటున్న రోజుల్లోనే, అంటే 1980ల్లో, మరొక మందు అడ్డు తగిలింది. దాని పేరు కార్బోఫ్యూరాన్. ఈ పేరు మీకు కొత్త కాదు; మనం గుళికల మందు అని చెప్పుకునే వాటిలో ఇది ఒకటి. మన దగ్గర వరికి, చెరకుకు వాడినట్టే అక్కడ మొక్కజొన్న విత్తేటప్పుడు సాళ్లలో వేసేవారు. ఎంత జాగ్రత్తగా మట్టి కప్పినా కొన్ని గుళికలు పైన మిగిలిపోయేవి. పక్షులు గింజలు తినడమే కాదు, మేత అరగడానికి చిన్న చిన్న రాళ్లు కూడా ఏరుకొని మింగుతాయన్నది కోళ్లు పెంచే మీకు తెలియనిది కాదు. గింజ అనుకొనో, రాయి అనుకొనో గుళిక మింగేవి. చిన్న పిట్టకు ఒక్క గుళిక చాలు, ప్రాణం పోవడానికి. చచ్చిన పిట్టను, చావబోయే పిట్టను గద్ద తినేది. పిట్టను చంపిన విషమే గద్దనూ పడగొట్టేది.

అట్లా పడిపోయిన తెల్లతల గద్దలు ఈ ఆసుపత్రి మెట్లెక్కాయి. ఇటువంటి విషం నరాల మీద పనిచేస్తుంది. నరం ఇచ్చిన ఆజ్ఞ ఆగవలసిన చోట ఆగదు. కండరాలు బిగుసుకుంటాయి, చొంగ కారుతుంది, ఊపిరి అందదు, గోళ్లు పిడికిలిలా ముడుచుకుపోతాయి. వేళకు తెస్తే కరువలి కడిగి, ఆట్రోపిన్ ఇచ్చి, వెచ్చగా ఉంచి కొన్నిటిని దక్కించవచ్చు. సాధారణ వైద్యుడైతే అక్కడితో తన పని అయిపోయిందనుకుంటాడు. వీరు అట్లా అనుకోలేదు. ఈ గద్ద ఎక్కడ దొరికింది? కడుపులో ఏముంది? చుట్టూ ఏ పైరు ఉంది? ఆ పొలంలో ఏ మందు వేశారు? అని ఆరా తీశారు. ఒకటికి ఒకటి ముడివేసి, సాక్ష్యం పోగుచేసి, ప్రభుత్వం ముందు పెట్టారు.

ఇక్కడ ఒక్క మాట తప్పక చెప్పుకోవాలి. అక్కడి రైతులు కావాలని గద్దలను చంపలేదు. డబ్బా మీద రాసిన ప్రకారం వాడినా పక్షులు చచ్చిపోతున్నాయని పరిశీలనలో తేలింది. అంటే లోపం రైతు చేతిలో కంటె మందు రూపంలోనే ఎక్కువ ఉందన్నమాట. ఆ సంగతి రైతుకు ఎవరు చెప్పగలరు? మందు అమ్మేవాడు చెప్పడు. పైరు చెప్పదు, పైరు బాగానే ఉంటుంది. చచ్చిన పక్షి చెప్పాలి, దాన్ని చదవగల వైద్యుడు చెప్పాలి. 1991లో వర్జీనియా రాష్ట్రం కార్బోఫ్యూరాన్ గుళికలను నిషేధించింది. అదే సంవత్సరం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థతో తయారీదారు ఒప్పందానికి వచ్చి, 1994 నాటికి దేశంలో గుళికల వాడకం చాలా వరకు ఆపివేయడానికి అంగీకరించాడు. చివరకు 2009లో ఆహారపు పంటలపై ఈ మందు అవశేషాలకు ఉన్న అనుమతులన్నీ రద్దు చేశారు. దీని వెనుక ఎందరో శాస్త్రజ్ఞుల కృషి ఉంది. అందులో ఈ ఆసుపత్రి పాలు కూడా ఉంది.

2007లో అమెరికాలోని జాతీయ వన్యప్రాణి సమాఖ్య ఈ కేంద్రానికి తన జాతీయ సంరక్షణ పురస్కారం ఇచ్చి సత్కరించింది. అదే ఏడు తెల్లతల గద్దను అంతరించే ప్రాణుల పట్టికలో నుంచి తీసివేశారు. అప్పటికి అలాస్కా, హవాయి మినహా 9,789 జంటలు ఉన్నట్టు అంచనా వేశారు. రెండూ ఒక్క ఏడాదే జరగడం యాదృచ్ఛికమే అనుకోండి. అయినా ముచ్చటైన కలయిక.

పురస్కారం అంటే ఒక పలక, నాలుగు చప్పట్లు అని తేలికగా తీసిపారేయవద్దు. యజమాని లేని రోగులకు వైద్యం చేసే సంస్థకు పదిమంది నమ్మకమే పెట్టుబడి. పేరు వస్తే దాత ముందుకు వస్తాడు, విద్యార్థి వెదుక్కుంటూ వస్తాడు, ప్రభుత్వం మాట వింటుంది. అన్నిటికంటె ముఖ్యం, చచ్చిన పిట్ట దొరికినప్పుడు పారవేయకుండా అక్కడికి తీసుకుపోవాలని రైతుకు తోస్తుంది. నా దృష్టిలో ఆ గౌరవం వేల కొద్దీ రెక్కలు అతికించినందుకు మాత్రమే చెందదు. గాయపడిన ఒక్కొక్క ప్రాణినీ ఒక కబురుగా భావించి, ఆ కబురును పొలం దాకా, చట్టం దాకా మోసినందుకు చెందుతుంది.

మరి మన సంగతి? మనకూ ఇటువంటి పాఠం ఒకటి జరిగింది. ఒకప్పుడు ఊరి బయట పశువు కళేబరం పడవేస్తే గంటల్లో రాబందులు వాలి శుభ్రం చేసి పోయేవి. నలభై ఏళ్లు దాటినవారిని అడగండి, చెబుతారు. అవి ఏమైనాయి? నొప్పికి, జ్వరానికి పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ సూదిమందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. చచ్చిన పక్షులను కోసి చూస్తే లోపలి అవయవాల మీద తెల్లటి సున్నం వంటి పొర కనబడింది. దాన్ని బట్టి పరిశోధకులు 2004లో కారణం బయటపెట్టారు. 2006లో మన దేశంలో పశువులకు ఈ మందు వాడకం నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మందులను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ మనకు అందుబాటులో ఉంది. కొద్దిగా మిగిలిన రాబందులను పెంచి వృద్ధి చేసే ప్రయత్నం హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో కూడా జరిగింది. అక్కడ గద్ద, ఇక్కడ రాబందు. రెంటి కథా ఒక్కటే. పక్షి చావు ముందు, మనకు తెలివి తరువాత!

గుళికల మందు విషయంలోనూ 2023లోనే మన ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. కార్బోఫ్యూరాన్‌లో పైపూత గల 3 శాతం గుళికలు తప్ప తక్కిన రూపాలన్నిటినీ నిషేధించింది. కాబట్టి ఇంట్లో పాత డబ్బా ఏదైనా మూలన పడి ఉంటే, "ఉన్నది గదా, చల్లేద్దాం" అనుకోవద్దు. ఏ మందు కొన్నా రసీదు తీసుకోండి, చీటీ చదివించుకోండి, చీటీ మీద మీ పైరు పేరు ఉంటేనే వాడండి.

రైతులు ఆచరించదగినవి నాలుగు చెబుతాను.

మొదటిది. గుళికలు వేసినప్పుడు గట్ల మీద, పొలం మూలల్లో, సంచి విప్పిన చోట రాలినవాటిని వదిలేయవద్దు. తొడుగు వేసుకొని ఎత్తి మట్టిలో కలపండి. నెమళ్లు, కొంగలు, పాలపిట్టలు వాలేది ఆ గట్ల మీదే. మీ ఇంటి కోళ్లు తిరిగేది కూడా అక్కడే సుమండీ!

రెండవది. అడవిపంది పైరు పాడుచేస్తున్నదని, నెమళ్లు గింజలు తింటున్నవని విషం కలిపిన ఎర పెట్టవద్దు. మీ బాధ నిజమే, నష్టం నిజమే. కాని ఎర తినేది పంది ఒక్కటే అన్న హామీ లేదు. ఊరి కుక్క తినవచ్చు, పొరుగువాని మేక తినవచ్చు, పసిపిల్లవాడు ముట్టుకోవచ్చు. నెమలిని చంపితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కఠిన శిక్ష ఉంది. పంట నష్టం జరిగితే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోండి.

మూడవది. పశువుకు నొప్పి మందు వేయించేటప్పుడు "ఇది రాబందుకు ప్రమాదం లేనిదేనా?" అని వైద్యుణ్ణి అడగండి. మనుషుల మందుల కొట్లో సూదిమందు కొని పశువుకు పొడిపించవద్దు.

నాలుగవది. గాయపడిన పక్షి కనబడితే మందపాటి గుడ్డ కప్పి ఎత్తి, గాలి ఆడే కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయవద్దు, అన్నం కుక్కవద్దు. దగ్గరలోని అటవీ సిబ్బందికో, పశువైద్యునికో వెంటనే కబురు చేయండి. రెక్కలొచ్చి గూడు దిగిన పిల్ల గంతులు వేస్తూ కనబడితే మాత్రం వదిలేయండి. దాని తల్లి ఆ చెట్టు మీదే ఉంటుంది.

ఇక తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మనం పొలం చూడబోయినప్పుడు పురుగు లెక్కిస్తాం, తెగులు చూస్తాం, పిలకలు లెక్కిస్తాం. ఇకమీదట చచ్చిన పక్షి ఏదైనా ఉందా అని కూడా చూడండి. ఉంటే వట్టి చేతితో ముట్టవద్దు. పక్షుల జబ్బులు మనుషులకు అంటే ప్రమాదం కూడా ఉంది. తేదీ, ఊరు, పైరు, అంతకు ముందు వాడిన మందు, ఎన్ని పక్షులు అన్న అయిదు సంగతులు పుస్తకంలో రాయండి. పశువైద్య శాఖకు, అటవీ శాఖకు తెలియజేయండి. రైతును దోషిగా నిలబెట్టడానికి ఈ రాత పనికి రాకూడదు. అట్లా అయితే రెండోసారి ఎవరూ మనకు నిజం చెప్పరు. మందు తప్పా, మోతాదు తప్పా, వేసిన తీరు తప్పా అని తేల్చడానికి పనికి రావాలి.

పక్షిని కాపాడడం పుణ్యం కోసమే అనుకోనక్కరలేదు. పొలంలో ఎకరాకు పది పంగ కర్రలు నాటి పక్షులను పిలిచి పురుగు తినిపించమని మేమే చెబుతున్నాం. ఎలుకలను పట్టే గుడ్లగూబకు కూలి ఇవ్వనక్కరలేదు. పిలిచి విషం పెట్టడం మన ఇంటా వంటా లేదు గదా!

వర్జీనియాలో ఆ ఆసుపత్రి కట్టినవారు గొప్ప ధనవంతులని, మనకది సాధ్యం కాదని అనుకోవద్దు. మన ఊళ్లో అంత ఆసుపత్రి ఈనాడే లేకపోవచ్చు. కాని ఆ ఆసుపత్రికి మొదటి మెట్టు అట్టపెట్టె పట్టుకొని వచ్చిన మనిషి. అతడు చాలాసార్లు రైతే. అటువంటి మనిషి మన ప్రతి ఊళ్లోనూ ఒక్కడు ఉంటే, వచ్చే కబురు ముందుగా వస్తుంది. పక్షులన్నీ పోయిన తరువాత తెలుసుకొని చింతించే గతి తప్పుతుంది.

మీ గట్ల మీద చచ్చిన పక్షులు కనబడిన సంగతి ఏదైనా ఉంటే, మీ ఊరికి వచ్చే విస్తరణాధికారికి తప్పక చెప్పండి. పంటకాలం మొదలయ్యే ముందే చెబితే మరీ మంచిది.